పూర్ణయ్య పలుకుదారం

“హలో, హలో... మైకు టెస్టింగ్. ఒకటి, రెండు, గిత్తలు రెడీ!”

ఆరు నెలలుగా పెదవి కూడా కదపలేని మనిషి, మంచం పక్కనున్న స్పీకర్లోంచి తన సొంత గొంతుతో మొట్టమొదట అన్న మాట అది. గదిలో ఉన్న డాక్టర్లకు ముక్క అర్థం కాలేదు. భార్య పార్వతికి మాత్రం అర్థమైంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా గోడవారన కూలబడిపోయింది.

తెర మీద గీతలు చూసుకుంటున్న స్వరూప తలెత్తి, “ఒరేయ్ తమ్ముడూ, ఇంతమందిమి ఇన్నేళ్లు తలలు బద్దలుకొట్టుకుని చేసిన యంత్రంరా ఇది. మొదటి మాట ఎద్దుల గురించా?” అంది.

“పోనీ, నీ గురించి చెప్తాలే అక్కా. ఏ విభాగంలో దింపమంటావు? రెండు పళ్ళా, ఆరు పళ్ళా?”

బండలాగుడు పోటీల్లో గిత్తల్ని పళ్ళు చూసి విభాగాల్లో దింపుతారు. ఆ వారమే పన్ను పీకించుకొచ్చిన స్వరూప పడీపడీ నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ, పక్కగదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చింది.

మైకు పూర్ణయ్యంటే చిలకలూరిపేట చుట్టుపక్కల తెలియనివాడు లేడు. గిత్తలు బండ లాగుతుంటే అతను మైకులో చెప్పే మాటల కోసమే జనం ట్రాక్టర్లెక్కి వచ్చేవారు. ఓడిపోయిన జత యజమాని కూడా ఆ మాటలకు నవ్వుకుంటూ ఇంటికి పోయేవాడు. అలాంటి మనిషికి నరాల జబ్బు పట్టింది. ముందు చేతిలో మైకును పడేయించింది. తర్వాత నాలుకను పట్టుకుంది. ఆఖరికి కనురెప్పలు కూడా అతని మాట వినడం మానేశాయి. చెవులు మాత్రం బాగా పనిచేసేవి, బుర్ర మునుపటికన్నా చురుగ్గా పనిచేసేది. పలకరించడానికి వచ్చినవాళ్ళు అతని ముందే “పాపం, ఎన్నాళ్ళుంటాడో” అని మాట్లాడుకుని, కాఫీ తాగి వెళ్ళిపోయేవారు.

ఆ తమ్ముడి కోసమే స్వరూప పలుకుదారాన్ని పట్టుబట్టి పూర్తిచేసింది. వెంట్రుకకన్నా సన్నని పోగులు మెదడులో మాట తయారయ్యే చోటికి వెళతాయి. చెవి వెనక చర్మం కింద మినపగింజంత పూస ఒకటి ఉంటుంది. మనిషి మాట్లాడాలనుకోగానే ఆ పూస సెల్ టవర్ మీదుగా మంగళగిరిలోని వాక్కు కేంద్రం తలుపు తడుతుంది. అక్కడ హాలు నిండా ఉన్న యంత్రాలు ఆ తలపును విప్పి, పాత రికార్డింగుల్లోని అతని గొంతుతోనే మాట చేసి, ఇంట్లో స్పీకరుకు పంపిస్తాయి. తలచుకుంటే ఫోనూ చేయగలడు. తలుపు తెరుచుకుంటే పూసలో పచ్చదీపం వెలుగుతుంది, తెరుచుకోకపోతే ఎర్రదీపం.

ఆ తలుపు తాళం విషయంలోనే స్వరూపకూ, ఆమె కింద పనిచేసే జహీరుద్దీన్‌కూ పెద్ద గొడవైంది.

“మేడమ్, తాళాన్ని చిప్‌లో కాల్చేస్తే ఇక మార్చలేం. ఇప్పుడు గట్టిదే. కానీ తాళాలన్నీ ఎప్పుడో ఒకప్పుడు పాతబడతాయి కదా,” అన్నాడతను.

“మార్చే వీలుంటే మార్చేది మనమే అని రాసిపెట్టుందా జహీర్? అది మనిషి బుర్రలోకి పోయే దారి. రేపు ఎవడో దారిన పోయే దానయ్య వచ్చి తాళం మార్చేశాడనుకో. ఎవరికి చెప్పుకుంటారు వాళ్ళు?”

స్వరూప అక్కడితో ఆగిందా, లేదు. ఇంకో జాగ్రత్త కూడా పెట్టింది. కొన్ని లక్షలసార్లు తట్టినా కేంద్రం తలుపు తీయకపోతే, ఎవరో దొంగ దారాన్ని పట్టుకుని ఆడిస్తున్నాడని లెక్క. అప్పుడు పూస తనంతట తానే ఆరిపోవాలి, మళ్ళీ ఎవరూ వెలిగించలేకుండా. ఆ ఏర్పాటుకు ఆమెకు సన్మానాలు జరిగాయి, శాలువాలు కప్పారు. ఆ రోజుల్లో కేంద్రంలో ఆమె మాటకు ఎదురుండేది కాదు.

పన్నెండేళ్లు దివ్యంగా గడిచాయి. పూర్ణయ్యను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, స్పీకరును మైకు ముందు పెట్టి పోటీలకు తీసుకుపోయేవారు. ‘నోరు లేకపోయినా ఇంకా మనల్ని నవ్విస్తున్నాడ్రా’ అని జనం విరగబడి వచ్చేవారు. తర్వాత పేషెంట్లు వేలల్లో వచ్చారు. వాళ్ళకు పెట్టిన కొత్త దారాల్లో జహీర్ చెప్పినట్టు తాళం మార్చుకునే వీలుంచారు. పాత దారంతో మిగిలినవాళ్ళు నలభై చిల్లర మంది.

పాత తాళం పగిలిన సంగతి ఒంగోలు వరలక్ష్మమ్మగారి వల్ల బయటపడింది. పాత దారంతోనే మాట్లాడే రిటైరైన టీచరామె. ఒక మధ్యాహ్నం కూతురితో ఊరగాయ గొడవేదో మాట్లాడుతోంది. సరిగ్గా అదే నిమిషంలో, అదే గొంతు, ఇంకో ఊళ్ళో ఎవరికో ఫోన్‌చేసి ఇల్లు రాసిస్తానని ఒప్పుకుంటోంది. ఒకే మనిషి రెండు తలుపుల్లోంచి ఒకేసారి లోపలికొచ్చినట్టు కేంద్రంలో కనబడింది. ఎవడో తాళాన్ని విప్పేశాడు. ఆ తర్వాత దొంగలు తెలివిమీరారు. పక్కన నిలబడటం మానేసి మధ్యలో దూరి కూర్చున్నారు. మనిషి మాటను ఆపేసి తమ మాట పంపేవారు, ఇష్టమైతే మనిషి మాటనే వదిలేవారు. ఏది ఎవరిదో చెప్పడం ఆ తాళం వల్ల కాదు.

వరలక్ష్మమ్మగారి విషయం తేలకముందే పాలకొల్లులో ఒకాయన పోయాడు. మాట వచ్చే దారినే ఎవడో కరెంటు పంపించాడు. పోగులు కాలి, ఫిట్స్ వచ్చి, గంటలో ప్రాణం పోయింది.

పాత తలుపు గుండా లోపలికొచ్చినవాడు అదే హాల్లోని కొత్త దారాల దాకా కూడా పాకగలడని జహీర్ లెక్క తేల్చాడు. ఇక ఆలోచించడానికేమీ లేదు. కేంద్రమంతటికీ కొత్త భద్రతా అప్‌డేట్ వేయాలి. అది వేసిన క్షణం నుంచి పాత తాళంతో తట్టేవారికి తలుపు తెరుచుకోదు. ముఖ్య శాస్త్రవేత్తగా ఒప్పుకుంటూ తెర మీద వేలు పెట్టాల్సింది స్వరూపే. కావాలంటే ఒక్క నెల గడువు అడిగే హక్కు కూడా ఆమెకుంది.

చిలకలూరిపేట వెళ్ళి స్వయంగా చెప్పింది. విన్నంతసేపూ పార్వతి పూర్ణయ్య కాళ్ళకు నూనె రాస్తూనే ఉంది.

“తాళం పాడైతే కొత్త తాళం వేయండి వదినా. దానికి మనిషి నోరు మూసేస్తారా?”

“ఈయన దాంట్లో తాళం మార్చే వీల్లేదు పార్వతీ.”

“అట్టా ఎవరు చేశారు?”

స్వరూప మంచినీళ్ళ గ్లాసు అందుకుంది. “నేనే,” అంది.

“పోనీ, అది తీసేసి కొత్తది పెట్టండి.”

“పోగులు వేళ్ళూనిపోయాయి. ఇద్దరికి ప్రయత్నించాం. ఒకరు బల్ల మీదే పోయారు. రెండో ఆవిడ ఇప్పటికీ లేవలేదు. తలకు పైనుంచి యంత్రం తగిలించి చూద్దామంటే, ఈ పోగులే అడ్డొచ్చి అంతా కలగాపులగంగా వస్తోంది.”

“నువ్వు పెద్ద సైంటిస్టువి గదా వదినా. ఏదో ఒకటి ఉంటది. లేకపోవడమేంది?”

అప్పుడు స్పీకరు పలికింది. “హలో, హలో... మైకు టెస్టింగ్. ఒకటి, రెండు, గిత్తలు రెడీ! పార్వతీ, మా అక్కను వదిలెయ్. బండ బరువెక్కువైతే గిత్తనేం చేస్తాం?”

“వాగింది చాలు. నీ గురించేనయ్యా మాట్లాడేది,” అని పార్వతి నూనె చేత్తోనే అతని మోకాలి మీద ఒక్కటేసింది. వేసి, ఆ మోకాలి మీదే తల వాల్చేసింది.

స్వరూప స్పీకరు వైపు చూసింది. మాట్లాడేది తమ్ముడేనా, ఇంకెవడైనానా? ఆ ఇంట్లో కూర్చుని అలా అనుమానించాల్సి వచ్చినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యమేసింది. అయినా అడిగింది. “ఒరేయ్, నాన్న గిత్తను పోటీకి తోలుకుపోయిన రోజు దాని కొమ్ముకు నేనేం కట్టానో చెప్పు.”

“అమ్మ పట్టుచీర చెంగు చింపి కట్టావు. కట్టింది నేనని చెప్పి నన్ను తన్నించావు. నలభై ఏళ్ల తర్వాత ఒప్పుకుంటున్నావా దొంగమొహమా? పార్వతీ, విన్నావుగా, నువ్వే సాక్షి.”

ఆ సంగతి వాళ్ళిద్దరూ ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. కాబట్టి ఆ జవాబు వాడిదే. కానీ మధ్యలో కూర్చున్న దొంగ ఈ జవాబును వదిలేసి తర్వాతి మాటను మార్చలేడా? ఎందుకు మార్చలేడు, నిక్షేపంగా మారుస్తాడు. అది తెలిసిన మనిషి కనుకనే స్వరూపకు ఆ జవాబు విన్నా మనసు కుదుటపడలేదు.

“అక్కా,” అన్నాడు పూర్ణయ్య. “ఆ పాలకొల్లాయన నాకు తెలుసు. ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. మంచి మనిషి. నా ఒక్కడి నోటి కోసం ఇంకొకరు అట్టా పోగూడదు. ఆ వేలేదో పెట్టెయ్ నువ్వు. నేను పన్నెండేళ్లు ఎక్స్‌ట్రా వాగాను. ఇంక చాల్లే.”

పార్వతి తలెత్తలేదు. స్వరూప వెళ్తానని కూడా చెప్పకుండా లేచి వచ్చేసింది.

అప్‌డేట్ వేసే రోజు పొద్దున కేంద్రంలో అందరూ చావింట్లో ఉన్నట్టు గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. నలభై చిల్లర కుటుంబాలకూ ముందే చెప్పారు. కొందరు తిట్టారు. ఒకావిడ రాత్రంతా భర్తతో పాటలు పాడించుకున్నానని చెప్పి ఫోన్ పెట్టేసింది. స్వరూప తెర ముందు కూర్చుంది. వేలు పెట్టాల్సిన చోటు వెలుగుతోంది. జహీర్ పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. పూర్ణయ్య నంబరు.

“అక్కా... పెట్టమాక.”

స్వరూప ఫోన్ స్పీకర్లో పెట్టింది.

“అక్కా, పెట్టమాకే. నాకు భయంగా ఉందే. మొన్న ఏదో పెద్ద మొగోడల్లే చెప్పా. నావల్ల కాదు. ఒక్కడినే లోపల ఉండలేనే. నెల రోజులు ఆగు అక్కా. ఒక్క నెల.”

గొంతు పూర్ణయ్యదే. కానీ గొంతుదేముంది, దొంగకూ అదే గొంతు వస్తుంది. స్వరూప జహీర్ మొహంలోకి చూసింది. “ఎవరిది ఈ మాట?”

“చెప్పలేం మేడమ్. మధ్యలో ఎవడైనా ఉన్నా మనకు తెలిసే దారి లేదు. అయితే...” అతను తటపటాయించాడు. “తలుపు ఇంకో నెల తెరిచి ఉంటే లాభం ఎవరికో ఆలోచించండి.”

అది ఆమెకూ తట్టింది. పెట్టొద్దనీ, గడువు అడగమనీ దొంగ కాక ఇంకెవడు అంటాడు? అన్నిటికన్నా ఇంకొకటి ఆమె మనసులో ముల్లులా గుచ్చుకుంది. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా పూర్ణయ్య తనతో ‘మైకు టెస్టింగ్’ అనకుండా మాట మొదలుపెట్టలేదు. జ్వరంతో ఉన్నా అన్నాడు. అమ్మ పోయినరోజూ, ఏడ్చే ముందు, అలవాటుగా అన్నాడు. వీడు అనలేదు.

“ఎవరు నువ్వు?” అంది.

“అక్కా, నేనే...”

“మా తమ్ముడు మాట ఎలా మొదలుపెడతాడో తెలుసా నీకు?”

అవతల వణుకుతున్న గొంతు, “హలో, హలో... మైకు...” అంది.

అడిగాక ఎవడైనా అంటాడు. స్వరూపకు కోపం ముంచుకొచ్చింది. తమ్ముడి గొంతును, తమ్ముడి సరదాను ఎంగిలి చేస్తున్నాడు వీడెవడో! పార్వతికి ఫోన్ చేయమని జహీర్‌కు సైగ చేసింది. రింగవుతోంది, ఎత్తడం లేదు. స్పీకర్లో గొంతు “అక్కా, అక్కా” అంటూనే ఉంది. స్వరూప కళ్ళు మూసుకుని వేలు పెట్టేసింది.

“అక్...”

మాట అక్కడికి తెగిపోయింది. తెర మీద నలభై చిల్లర చుక్కలు ఒక్కొక్కటిగా ఎర్రబడ్డాయి.

మళ్ళీ చిలకలూరిపేట వెళ్ళడానికి ఆమెకు కాళ్ళు రాలేదు. ఏవో మీటింగులు చెప్పుకుని రోజులు తోసింది. చివరికి వెళ్ళేసరికి, ఏడుస్తూ కూర్చుని ఉంటుందనుకున్న పార్వతి గుమ్మంలోనే ఎదురొచ్చింది.

“వదినా, రా, నీకొకటి చూపిస్తా!” అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. పూర్ణయ్య చెవి దగ్గర వంగి, “ఏమయ్యా, మీ అక్కొచ్చింది. పలకరించు,” అంది.

చెవి వెనక పూస ఎర్రగా వెలిగింది. కాసేపు మిణుకుమిణుకుమని ఆగింది.

“చూశావా? మాట్లాడుతున్నాడు! మనకు వినపడదు, అంతేగా. లోపల మనిషి ఉన్నాడు గదా వదినా. పొద్దున్నే లేచి పలకరిస్తా, వెలుగుద్ది. కూర వండి వాసన చూపిస్తా, వెలుగుద్ది. ఉప్పెక్కువైందని తిడతన్నాడేమో!” పార్వతి గలగలా నవ్వింది. “పాత పోటీల వీడియోలు పెడితే చూడాలి. ఆపకుండా వాగుతాడు. దీపం ఆరితే ఒట్టు.”

ప్రతి వెలుగూ ఒక తట్టు. అలా తట్టగా తట్టగా ఒకరోజు పూస దానంతటదే ఆరిపోతుంది. చెప్పాలని స్వరూప నోరు తెరిచింది. పార్వతి మొహం చూసి మూసేసుకుంది. ఎటూ ఎవరికీ వినపడని మాటలే కదా, ఆ దీపం ఉన్నన్నాళ్ళు ఉండనీ, ఈవిడ ముచ్చట ఎందుకు పాడుచేయాలి అనుకుంది.

“పార్వతీ, ఆ రోజు... అప్‌డేట్ రోజు పొద్దున, నువ్వు ఇంట్లో లేవా? ఫోన్ ఎత్తలేదు.”

“కంట్లో వేసే చుక్కలైపోతే మందులషాపుకు పోయా. ఫోను ఇంట్లోనే పెట్టి పోయా. ఏం వదినా?”

“ఏం లేదు. వాడి ‘మైకు టెస్టింగ్’ గుర్తొస్తోంది. అది లేకుండా వాడు నోరు తెరిచేవాడే కాదు.”

పార్వతి దిండు సర్దుతూ, “నీతోనూ, జనంతోనూ అంతే,” అంది. “నాతో ఉన్నప్పుడు ఎప్పుడూ అననే అనడు వదినా. అదంతా పైకి. ఒక్కోసారి తెల్లారుజామున భయపడి లేపేవాడు. పార్వతీ, ఉన్నావా, పక్కనే ఉన్నావా అని. చిన్నపిల్లాడల్లే వణికేవాడు. భయమేసినప్పుడు మైకు టెస్టింగు ఏడ గుర్తుంటది ఎవరికైనా?”

పార్వతి ఇంకేదో చెబుతోంది గానీ స్వరూప చెవికెక్కలేదు. తమ్ముడి మొహంలోకి చూద్దామంటే, సగం తెరిచిన ఆ కళ్ళు సూటిగా తననే చూస్తున్నట్టున్నాయి. కాఫీ కూడా తాగకుండా బయటపడింది.

ఆ ఫోన్ వాడే చేశాడా? వాడే చేసి ఉంటే, ఒక్కడినే లోపల ఉండలేనని ఏడుస్తుంటే, ‘ఎవరు నువ్వు’ అని అడిగి తనే వాడి గొంతు నులిమేసిందన్నమాట. ఎవరేం మాట్లాడినా చిరాకుగా ఉంది. పనేమీ లేకపోయినా కేంద్రానికి పోయి, తెరుచుకోని తలుపు మీద పడుతున్న తట్లు చూస్తూ కూర్చునేది. మిగతా పాత దారాలు ఒక్కొక్కటే నిశ్శబ్దమైపోతున్నాయి. మాట్లాడి లాభం లేదని అలిసిపోయి ఉంటారు. చిలకలూరిపేట చుక్క మాత్రం వెలుగుతూ, ఆగుతూ, మళ్ళీ వెలుగుతూ ఉంది.

అలా చూస్తూ చూస్తూ ఉండగా, శివరాత్రి తిరునాళ్ళ రోజున ఆమెకు ఉన్నట్టుండి వెలిగింది. దీపం వెలగడం ఒక్కటే కాదు, ఆగడం కూడా వాడి చేతిలోనే ఉంది! మాట్లాడాలనుకుంటే ఎరుపు, ఊరుకుంటే చీకటి. ఔనంటే మాట్లాడు, కాదంటే ఊరుకో. అంతే కదా! అక్షరాలు వరసగా చదువుతూ పోతే, కావలసిన అక్షరం దగ్గర వాడు ఒక్కసారి దీపం వెలిగిస్తాడు. దొంగ మాటను మార్చగలడు కానీ కళ్ళెదుట చర్మం కింద వెలిగే దీపాన్ని మార్చలేడు. కేంద్రం అక్కర్లేదు, తాళం అక్కర్లేదు. ఇంత చిన్న సంగతి తన బుర్రకు తట్టలేదేం?

“జహీర్! పూర్ణయ్య దారానికి ఇంకా ఎన్ని తట్లు మిగిలాయి?”

జహీర్ చూసి మొహం చిట్లించాడు. “అడుగుకు వచ్చేసింది మేడమ్. అయినా పొదుపుగా వాడితే కొన్నేళ్లు వస్తాయి. ఒక్క అక్షరానికి ఒక్క తట్టే కదా.” అని మళ్ళీ తెరలోకి వంగాడు. “ఇదేంటి, ఇప్పుడు ఆపకుండా తడుతున్నారు?”

స్వరూప పార్వతికి ఫోన్ చేసింది. మోగుతోంది. మళ్ళీ చేసింది. మోగుతోంది. నాలుగోసారికి ఎత్తింది. డప్పులు, ఈలలు, మైకు హోరు, వాటి మధ్య పార్వతి కేక: “వదినా, ఏందీ? వినపడటంలా! పోటీలకొచ్చాం!” ఫోన్ కట్టయిపోయింది.

కారు తీసింది. దారి పొడుగునా తిరునాళ్ళ ట్రాక్టర్లు, ఎదురుగా గోపురాల్లా అలంకరించిన ప్రభలు. హారన్ మీద నుంచి చెయ్యి తీయకుండా, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ వెళ్ళింది. ఒరేయ్, కాసేపు ఊరుకోరా. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా నోరు మూసుకోరా నాయనా. చిన్నప్పుడు వాణ్ణి ఎన్నిసార్లు అలా కసిరిందో. అప్పుడెప్పుడూ విన్న పాపాన పోలేదు వాడు.

మైదానం జనంతో కిటకిటలాడుతోంది. ఆఖరి జత బరిలో ఉంది. తెల్లటి గిత్తలు మోకాళ్ళ మీదికి వంగి బండను ఈడుస్తున్నాయి. ఎవరో కుర్ర గొంతు మైకులో తడబడుతూ అరుస్తోంది. బరి పక్కనే, తాడుకు ఆనించి, చక్రాల కుర్చీలో పూర్ణయ్య ఉన్నాడు. మెడలో ఎవరో బంతిపూల దండ వేశారు. చెవి వెనక పూస నిప్పుకణికలా ఎర్రగా, ఆపకుండా వెలుగుతోంది. లోపల అతను పోటీ మొత్తం చెబుతున్నాడు.

“ఆపరా!” అని స్వరూప జనాన్ని తోసుకుంటూ అరిచింది. “పూర్ణా, ఆపరా! మాట్లాడమాక!”

మైకు హోరులో ఆమె మాట ఆమెకే వినపడలేదు. ఎవరిదో కాలు తొక్కింది, వాళ్ళెవరో తిట్టారు. గిత్తలు ఆఖరి గీత దాకా వచ్చాయి. జనం గోలగోలగా లేచారు. ఆమె కుర్చీ దగ్గరికి చేరి, మోకాళ్ళ మీద పడి, రెండు చేతులతో తమ్ముడి మొహం పట్టుకుంది. నోరు అతని చెవికి ఆనించి, “ఒరేయ్, నేనురా, అక్కనురా, మాట్లాడకు, ఊరుకో, నా తండ్రీ...” అంది.

పూస ఒక్కసారి బాగా ప్రకాశంగా వెలిగింది. తర్వాత ఆరిపోయింది.

చెప్పింది విని ఊరుకున్నాడేమోనన్న ఆశ ఒక్క క్షణం మిగిలింది. స్వరూప చెవి వెనక్కే చూస్తూ అడిగింది. “పూర్ణా, ఆ రోజు ఫోన్ చేసింది నువ్వేనారా? నువ్వేనంటే ఒక్కసారి వెలిగించు. ఒక్క మాట. తిట్టు, తిట్టినా సరే.”

చీకటి.

“నువ్వు కాదంటే వెలిగించరా. పోనీ, కాదంటే వెలిగించు.”

చీకటే. వేలితో పూసను తడిమింది. ఎప్పుడూ గోరువెచ్చగా ఉండేది, చల్లగా తగిలింది. ఆ చల్లదనం ఏమిటో ఆమెకన్నా బాగా తెలిసినవారు లోకంలో లేరు. అలా ఆరిపోవాలని రాసింది తనే.

చెమటతో తడిసిన మొహంతో, చేతిలో చెరుకురసం గ్లాసులతో పార్వతి జనంలోంచి వచ్చింది. “వచ్చావా వదినా! అబ్బ, చూశావా నువ్వు? పొద్దుటి నుంచి ఆపలేదు మనిషి! మొదటి జత దిగినప్పటి నుంచి దీపం అట్టాగే ఉంది. జనమంతా వచ్చి చూసి దణ్ణం పెట్టుకుని పోయారు. మా పూర్ణయ్య ఇంకా చెప్తన్నాడ్రా అని.” కొంగుతో అతని నుదురు తుడిచింది. “ఇప్పుడు పోటీ అయిపోయింది గదా, అందుకే ఆపాడు. అలిసిపోయాడు పాపం.”

స్వరూప చీరకంటిన మట్టి దులుపుకుంటూ లేచింది.

“రేపు ఆరు పళ్ళ విభాగం ఉంది వదినా. పొద్దున్నే తీసుకొస్తా. ఇట్టాగే మాట్లాడతాడు చూడు.”

“తీసుకురా,” అంది స్వరూప.